ఉప్పు తక్కువైన గుండిగ

జయంతి నాకంటే ముందు పోయింది. అది తప్పు. ఆ తప్పు ఆమెదే, దానికి మాఫీ లేదు.

ఆరేళ్లు కాపురం చేసి, మూడు రోజుల జ్వరంతో పోయింది. ఆ మూడు రోజుల గురించి నేను రాయను. ఆమె మా ఊళ్లో రొయ్యలు ఉడికించిన రోజు గురించి మాత్రం రాస్తాను. మా అన్న బిడ్డలు అడిగారు. "చిన్నాయనా, నీది లవ్ మ్యారేజంట గదా" అని నవ్వారు. నవ్వనీ.

మా ఊరు కంబదూరుకు ఆరు కిలోమీటర్లు. నేను ఐదో తరగతి దాకా చదివాను. సేద్యం లేని నెలల్లో వంటలు చేస్తాను. ఎవరింట్లో విందైనా మాంసమూ సంగటీ నా చేతి మీదే. జయంతి నెల్లూరు వైపు పిల్ల. రైతులకు విత్తనాల గురించీ పురుగుమందుల గురించీ చెప్పే ఉద్యోగం మీద మా ఊరికి వచ్చింది.

ఆ ఏడు శెనక్కాయలు పీకడం అయిపోయాక, తిప్పేస్వామన్న చేలో అందరం కలిసి భోజనం చేయాలనుకున్నాము. అరవై మంది. తిప్పేస్వామన్న మా రైతుల సంఘానికి పెద్ద. ఆయన మాంసం అన్నాడు. జయంతి లేచి నిలబడింది.

"ఈసారి రొయ్యలు. మా నాన్న తెస్తారు. ఖర్చు ఏమీ లేదు."

మా ఊళ్లో ఎండు రొయ్యలు తప్ప పచ్చివి చూసినవాళ్లు లేరు. ఉచితం అనేసరికి అందరూ సరే అన్నారు. నన్ను ఎవరూ అడగలేదు.

ఆ రోజు పొద్దున చేలో పెద్ద గుండిగ పొయ్యి మీదికి ఎక్కించాను. జయంతి వచ్చి లోపలికి తొంగి చూసింది.

"అంచు దాకా నీళ్లు పోయండి."

"అన్ని నీళ్లు ఎందుకు మేడం?"

"బంగాళాదుంపలు, శెనక్కాయలు ముందు ఉడకాలి. తర్వాత రొయ్యలు. అన్నీ తీసేసి నీళ్లు పారబోస్తాం."

చేతిలో ఉన్న బిందె కింద పెట్టాను.

"ఏం చేస్తావు?"

"పారబోస్తాం. మా రొయ్యల చెరువుల దగ్గర పట్టుబడి రోజు గట్టు మీద ఇలాగే ఉడికిస్తాం."

"ఈ నీళ్లు యాడివో తెలుసునా మేడం నీకు? రెండు మైళ్ల అవతల బోరు నుంచి బండి మీద తెచ్చినాను. తెల్లారి మూడింటికి లైన్లో నిలబడినాను. నువ్వు పారబోస్తానంటాండావు."

"మేడం అంటారు, నువ్వంటారు. ముందు ఏదో ఒకటి ఖాయం చేసుకోండి."

పక్కన ఉల్లిగడ్డలు తరుగుతున్న తిరుపాలమ్మ నవ్వింది. తిరుపాలమ్మ తిప్పేస్వామన్న తల్లి. ఊళ్లో ఆమెకు అడ్డు చెప్పేవాళ్లు లేరు.

"ఆ నీళ్లు తాగొచ్చునా?" అన్నాను.

"ఆరు దోసిళ్ల ఉప్పు వేస్తున్నా. తాగండి చూద్దాం."

నేను బిందె ఎత్తి గుండిగలోకి వంచాను. ఆమె కాసేపు మంటను చూసింది. తర్వాత గొంతు తగ్గించింది.

"కుళ్లాయప్ప గారూ, ఈ రోజు గొడవ పెట్టుకోకండి. మా నాన్న రొయ్యలివ్వడానికి మాత్రమే రావట్లేదు. ట్రాన్స్‌ఫర్ కాగితం మీద నాతో సంతకం పెట్టించడానికి వస్తున్నారు. నీళ్లు లేని ఊళ్లో నా బిడ్డ ఎట్లా బతుకుతుంది అంటున్నారు. ఈ ఊరు నాకు కుదిరిందని ఆయన కళ్లతో చూడాలి. ఈ వంట బాగుండాలి."

"ఈ ఊరు నీకు ఎందుకు?"

ఆమె నా వైపు చూసి, వెంటనే పొయ్యి వైపు తిరిగింది.

"కట్టెలు ఎగదొయ్యండి," అంది.

పదకొండు గంటలకు జయంతి నాన్న జయరామయ్య కారు వచ్చింది. తెల్ల చొక్కా, మాటకారి మనిషి. కారులోంచి రెండు థర్మోకోల్ పెట్టెలు దించాడు. మూత తీయగానే ఊరంతా మూగింది. ఐసు మధ్య బూడిద రంగులో, అద్దంలాగా అవతలి వైపు కనిపించే రొయ్యలు.

"మీసాలు చూడండే," అంది తిరుపాలమ్మ. "మా ఆయనకు బతికుండగా కూడా ఇంత లేవు."

గుండిగ మరిగింది. జయంతి రొయ్యలు కడగడానికి పోయింది. ఉప్పు నన్ను వేయమంది. ఆరు దోసిళ్లు. నేను మూడు వేశాను. మూడు సంచిలోనే ఉంచాను. తప్పని తెలుసు. చేతులు వినలేదు.

బంగాళాదుంపలు, శెనక్కాయలు ఉడికాక రొయ్యలు గుండిగలో పడ్డాయి. జయంతి మూత వేసింది.

"నిదానంగా రెండు నూర్లు లెక్కపెట్టండి. తక్కువైతే పచ్చి, ఎక్కువైతే రబ్బరు."

"మాంసానికి గంట పడుతుంది. దీనికి రెండు నూర్లేనా?"

"గట్టిగా లెక్కపెట్టండి. నాకు వినపడాలి."

లెక్కపెట్టాను. మూత అంచుల నుంచి ఆవిరి లేచి ఆమె ముఖం మీదికి వచ్చింది. నుదుటి మీద వెంట్రుకలు తడిసి అతుక్కున్నాయి. నూట అరవై దాకా వచ్చాను. తర్వాత నూట నలభై అన్నాను.

"ఇరవై వెనక్కి పోయారు," అంది ఆమె నవ్వకుండా. "నేను లోపల లెక్కపెడుతూనే ఉన్నా. తీయండి మూత."

తీశాను.

ఆవిరి ఒక్కసారిగా పైకి లేచింది. ఆ ఏడు మా ఊరి మీద మేము చూసిన పెద్ద మబ్బు అదే. అరవై మందీ తలలెత్తి దాన్నే చూశారు. అది చెదిరిపోయాక గుండిగలోకి చూశారు. ఇంతకుముందు బూడిద రంగులో ఉన్నవి మా చేల మట్టిలాగా ఎర్రబడి ఉన్నాయి. ఒక్కటి కూడా పాత రంగులో లేదు. అగ్గి అన్నిటినీ ఒక్కసారే ముట్టుకున్నట్టు ఉంది. తిప్పేస్వామన్న తువ్వాలు భుజం మీది నుంచి తీసేశాడు, దేవుడి ముందు తీసినట్టు. నేను ఇరవై ఏళ్లుగా పొయ్యి ముందు నిలబడినవాణ్ణి. అంత తొందరగా ఏదీ అంతగా మారడం చూడలేదు.

చిల్లుల గరిటెతో తీసి, ఉతికిన పట్టా మీద కుప్పగా పోశాము. జయరామయ్య మొదటిది ఒలిచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ముఖం ముడుచుకుంది.

"ఉప్పు లేదు."

జయంతి ఒకటి తిన్నది. నా వైపు తిరిగింది.

"ఎన్ని దోసిళ్లు వేశావు?"

నువ్వు అంది. నాకు వినపడింది.

"మూడు."

"ఎందుకు?"

"ఆరు వేస్తే పారబొయ్యాల. మూడు వేస్తే సంగటి చేయొచ్చు."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జయరామయ్య చొక్కా జేబులోంచి కాగితం తీశాడు.

"చూశావా అమ్మా, చెప్పిన మాట వినే మనిషి కూడా లేడు ఈ ఊళ్లో. సంతకం పెట్టు. సామాను సర్దుకుందాం."

"నాయనా," అంది తిరుపాలమ్మ ఆయనతో. "కోపం సంగటి తిన్నాక పడుదువు. కూసో."

ఆయన ముందు తన ఊరుబిండి పెట్టింది. శెనక్కాయలు, ఎండుమిరపకాయలు వేసి నూరిన పచ్చడి అది. రొయ్య ఒలిచి, దానిలో అద్ది, ఆయన చేతిలో పెట్టింది. ఉప్పు లోటు అక్కడ తీరింది. ఆయన ఇంకోటి ఒలుచుకున్నాడు. కాగితం మాత్రం మోకాలి మీదే పెట్టుకున్నాడు.

నేను గుండిగలో నూకలు పోశాను. ఉడికాక రాగిపిండి వేసి, ఇద్దరం తెడ్లు పట్టి కలియబెట్టాము. రెండో తెడ్డు జయంతిది. ముప్పావు గంట నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తెడ్డు వదలనూ లేదు.

సంగటి ముద్ద జయరామయ్య విస్తరిలో పెట్టాను. తుంచి మింగాడు. ఆగాడు. మళ్లీ తుంచాడు. రొయ్యల సారమంతా ఆ ముద్దలో ఉంది. ముద్ద అయిపోయేదాకా ఆయన తల ఎత్తలేదు.

అప్పుడు చుట్టూ చూశాడు. అరవై మంది తింటున్నారు. గుండిగ అడుగున గోరుతో గీకినా ఏమీ లేదు. నేల మీద తడి మచ్చ లేదు. చేయి కడుక్కోవడానికి తిప్పేస్వామన్న చెంబు ఇచ్చాడు. జయరామయ్య దానిలోంచి గుక్కెడు కూడా కానన్ని నీళ్లు వంచుకుని, మిగతావి వెనక్కి ఇచ్చాడు.

"ముప్పై ఏళ్లుగా చెరువులు చేస్తున్నా," అన్నాడు మెల్లగా. "వారానికోసారి నీళ్లు మారుస్తా. పాతవి కాలవలోకి వదిలేస్తా. ఎన్ని వదిలానో ఎప్పుడూ ఆలోచించలేదు."

కాగితాన్ని నాలుగు మడతలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

"సంతకం సంగతి నువ్వే చూసుకో అమ్మా. ఉప్పు దొంగకు పెళ్లయిందా?"

"వానికి పిల్లనిచ్చేంత ఓపిక ఎవరికుండాది సార్," అన్నాడు తిప్పేస్వామన్న.

అందరూ నవ్వారు. జయంతి నవ్వలేదు. గుండిగ అవతల నిలబడి నన్ను చూసింది.

"నూట అరవై దగ్గర ఎందుకు తప్పావు?"

"ఆవిరి మేడం."

"ఆవిరా?"

"నీ ముఖం మీది ఆవిరి."

"మేడం తీసెయ్. నువ్వు చాలు," అంది.

మూడు నెలలకు జయరామయ్య మళ్లీ రొయ్యల పెట్టెలు తెచ్చాడు. ఈసారి మా పెళ్లికి. ఉప్పు ఆయనే తన చేత్తో వేశాడు. మూడు దోసిళ్లు.

ఇప్పటికీ పంట ఇంటికి చేరిన ప్రతి ఏడూ తిప్పేస్వామన్న వచ్చి, రొయ్యలు చేయమని అడుగుతాడు. నేను మాంసం చేస్తాను. ఆ గుండిగ అటక మీద బోర్లించి ఉంది. రెండు నూర్లు లెక్కపెట్టడానికి నేనున్నాను. తప్పినప్పుడు లోపల లెక్కపెట్టుకునే మనిషి లేదు.

పిల్లలు అడిగారు, రాశాను. ఇంక ఈ సంగతి నా నోట రాదు. ఎవరూ అడగొద్దు.