ఇంటావిడ ఉండని ఇల్లు

"అత్తయ్యా!... అత్తయ్యా!"

కోడలు పిలుస్తోంది గానీ గొంతు పైకి రావడం లేదు. రానివ్వడం లేదు. మేడ మీది వాటాలో ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళున్నారు. గట్టిగా పిలిస్తే వాళ్ళకి వినబడుతుంది. ఈ ఇంట్లో అత్తగారనే మనిషి ఒకరున్నారని వాళ్ళకి తెలియకూడదు. అలాగని పిలవకుండా ఎలా ఉంటుంది? మిట్టమధ్యాహ్నం, పెద్దావిడ, కళ్ళజోడు బల్ల మీదే ఉంది... చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి! చెప్పుల్లేకుండా ఈ ఎండలో ఎక్కడికి వెళ్ళినట్టు?

వంటింట్లో చూసింది. పెరట్లో చూసింది. నీళ్ళ సంపు మీద మూత కొంచెం పక్కకి జరిగినట్టు కనబడేసరికి పరుగెత్తింది. రెండు చేతులా మూత లాగి లోపలికి తొంగి చూసింది. నల్లటి నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అందులో తన మొహం తప్ప ఏమీ లేదు. మూత సరిగ్గా వేసింది.

"దొరికిందా?" ముందు గదిలో మంచం మీంచి భర్త అడిగాడు. అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. పనిలో ఉండగా జారిపడి నడుము విరగ్గొట్టుకున్నాడు. లేవడానికి లేదు. పక్కకి తిరగాలన్నా పెళ్ళాం చెయ్యి కావాలి. "దర్జీ అమ్మాయి కొట్లో చూశావా? అక్కడే కూర్చునుంటుంది."

"కొట్టు మూసుంది."

"మరి ఎక్కడికి పోయిందే మా అమ్మ!" అని అతను లేవబోయి, నొప్పికి పళ్ళు బిగించి మళ్ళీ పడుకున్నాడు.

పైనుంచి మరిది నవ్వులు వినబడుతున్నాయి. అతను ఆన్‌లైన్లో అద్దె ఇళ్ళకి ప్రకటనలు పెట్టే ఆఫీసులో పని చేస్తాడు. రాయిని కూడా రత్నమని నమ్మించగల నోరు.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, మేడ మీది వాటా ఖాళీ అయి చాలా కాలమైంది. కోడలి భర్త మంచాన పడ్డాక మరిది జీతం తిండికే సరిపోతోంది, మందులకి ఆ అద్దె ఒక్కటే ఆధారం. అద్దెకి ఎవరొచ్చినా నిలవరు. ఎందుకు నిలవరో వీధిలో అందరికీ తెలుసు. అత్తగారికి నోరు ఎక్కువ. పైన కుళాయి కాస్సేపు తిరిగితే కిందనుంచి కేకేస్తుంది. ట్యాంకు నిండిందా, మోటారు కట్టారా, మెట్ల మీద చెప్పులెవరివి... పొద్దున్న మొదలుపెడితే వీధి చివరి దాకా వినబడుతుంది. అద్దెకున్నవాళ్ళు ఆవిడకి ట్యాంకమ్మ అని పేరు పెట్టారు. వెళుతూ వెళుతూ ఒకావిడ మరిది వాళ్ళ వెబ్‌సైట్లో ఒక్క స్టార్ ఇచ్చి, "ఇల్లు బంగారం. ఇంటావిడతోనే ప్రాణసంకటం" అని రాసి పోయింది. అంతే! ఫోన్లు ఆగిపోయాయి.

"వదినా, ఈ రోజుల్లో జనం ఇల్లు చూసి ఫోన్ చెయ్యరు, బొమ్మ చూసి చేస్తారు," అన్నాడు మరిది. "జనం వెతికేటప్పుడు ఏ గడి నొక్కుతారో తెలుసా? 'యజమాని అదే ఇంట్లో ఉండరు' అనే గడి. అందులో టిక్కు పెట్టామనుకో, మన ఇల్లు లిస్టులో పైకి వస్తుంది. ఎంతమంది నొక్కితే అంత పైకి. లేకపోతే అడుగున పడి ఉంటుంది, మన గుమ్మం దాకా దిగి వచ్చి చూసేవాడెవడు?"

"అత్తయ్య ఉన్నారు కదా బాబూ!"

"ఉంటే ఉంది. ఇల్లు ముందు నచ్చాలి. నచ్చాక మెల్లిగా చెబుదాం."

అతను చెబుతుంటే అంతా సబబుగానే అనిపించింది. మంచం మీద భర్త, పెట్టెలో అడుగంటిన మందులు... ఆ గడిలో టిక్కు పెట్టింది ఎవరో కాదు, కోడలి వేలే. వసారా ఫొటోలో కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంటే మరిది ఫోన్లో ఏదో నొక్కి ఆవిడని తుడిచేశాడు. ఖాళీ కుర్చీ మిగిలింది. "చూశావా, ఎంత ప్రశాంతంగా ఉందో!" అన్నాడు. కోడలు నవ్వలేకపోయింది. వద్దనీ అనలేకపోయింది.

ఆ తర్వాత ఇల్లు చూడ్డానికి జనం రావడం మొదలైంది. విచిత్రమేమిటంటే ఎవరొచ్చినా ఆ సమయానికి అత్తగారు ఇంట్లో ఉండేది కాదు. దర్జీ దగ్గరికో, మందుల షాపుకో వెళ్ళేది. కోడలు అది తన అదృష్టమే అనుకుంది. అంతకు మించి ఆలోచించడానికి భయపడింది.

ఈ రోజు వచ్చింది ఒక నర్సూ, ఆమె భర్తా. నచ్చిందన్నారు. గదులు కొలుచుకుంటున్నారు. మంచం ఎక్కడ వెయ్యాలో మాట్లాడుకుంటున్నారు. అంత దాకా వచ్చింది!

కోడలు చెమట తుడుచుకుని, మొహాన నవ్వు పులుముకుని మేడ మెట్లెక్కింది. నర్సు భర్త అప్పుడే అడుగుతున్నాడు, "డాబా చూపించరా?"

"డాబాకి తాళమండీ. పైన చూడ్డానికేముంది, నీళ్ళ ట్యాంకు తప్ప," అన్నాడు మరిది, వదిన వైపు కన్ను కొడుతూ. డాబా మీద పాత లిఫ్టు సామాన్లు, విరిగిన బకెట్లు పోగుపడి ఉన్నాయి. అది చూపించొద్దని పొద్దున్నే చెప్పాడు. వాళ్ళు రాకముందే కోడలు వెళ్ళి డాబా తలుపు లాగి తాళం వేసింది. తాళంచెవి ఇప్పుడు కూడా ఆమె గుప్పిట్లోనే ఉంది.

తలుపు లాగింది... అవును, లాగింది. అంటే తలుపు తెరిచి ఉంది! నిన్న గడియ పెట్టింది తనే. మరి ఓరగా ఎలా తెరుచుకుంది? గాలికేమో అనుకుంది అప్పుడు. గడియ పెట్టిన తలుపు గాలికెలా తెరుచుకుంటుంది?

"అయ్యో... అయ్యయ్యో!"

కోడలి కేక విని నర్సు చేతిలో కొలత టేపు కింద పడింది. కోడలు అప్పటికే పై మెట్ల మీద ఉంది. తాళం కన్నంలో చెవి కుదరలేదు. ఒకసారి, ఇంకోసారి... మూడోసారికి తిరిగింది. తలుపు తెరుచుకునేసరికి తెల్లటి ఎండ మొహం మీద కొట్టింది.

ట్యాంకు వెనక, గోడకి ఆనుకుని అత్తగారు ముడుచుకుని కూర్చుంది. కొంగు తల మీద కప్పుకుంది. ట్యాంకు నీడ కుంచించుకుపోయి ఆవిడ ఒళ్ళో పట్టేంత మిగిలింది. కాళ్ళు కాలుతుంటే పాదాల కింద చీర కుచ్చిళ్ళు వేసుకుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. పెదాలు తెల్లగా ఎండిపోయాయి.

కోడలు వెళ్ళి ఆవిడని వాటేసుకుంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

వెనకే వచ్చిన నర్సు కోడలిని కాస్త పక్కకి జరిపి పెద్దావిడ నాడి పట్టుకుంది. "నీళ్ళు తెండి. తడిగుడ్డ తెండి. ఈవిడ ఎంతసేపట్నుంచి ఇక్కడున్నారు? ఎవరీవిడ?"

కోడలు కొంగుతో అత్తగారి మొహం తుడుస్తోంది.

"ఎవరండీ ఈవిడ?" నర్సు మళ్ళీ అడిగింది.

"పక్కింటావిడండీ!" అన్నాడు మరిది. మొహం పాలిపోయింది గానీ మాట తడబడలేదు. "మా ట్యాంకు నీడకి అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటుంది."

కోడలు తల తిప్పి అతని వైపు చూసింది. కన్నతల్లిని! అంతలో ఒళ్ళో ఉన్న మనిషి కదిలింది. అత్తగారు కళ్ళు సగం తెరిచి, నర్సు చెయ్యి మీద తన చెయ్యి వేసి, వినీ వినబడకుండా అంది.

"అవునమ్మా... పక్కింటిదాన్ని."

ఆ మాటతో కోడలికి లోపల ఏదో తెగిపోయింది.

"కాదు! ఈవిడ మా అత్తగారు! ఈ ఇల్లు ఈవిడది! మేం ఈవిడ నీడన బతుకుతున్నాం! ప్రకటనలో ఇంటావిడ ఉండదని అబద్ధం రాసింది నేను. ఈ తలుపుకి తాళం వేసింది నేను..." ఏడుపు వచ్చింది. మరిది ఏదో అనబోయి, నర్సు చూపు చూసి మానేశాడు.

అందరూ కలిసి పెద్దావిడని కిందికి దించారు. ముందు గదిలో కొడుకు మంచం పక్కనే చాప వేసి పడుకోబెట్టారు. నర్సు తడిగుడ్డలు మార్చింది. చెంచాతో నీళ్ళు పట్టించింది. ఊపిరి కుదుటపడే దాకా కదల్లేదు. మంచం మీది కొడుకు చెయ్యి చాపి తల్లి చెయ్యి పట్టుకుని, పైకప్పు వైపు చూస్తూ కన్నీళ్ళు కారనిచ్చాడు. తుడుచుకోవడానికి రెండో చెయ్యి అందలేదు.

"సాయంత్రానికి లేచి కూర్చుంటారు. రాత్రికి జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకురండి," అంది నర్సు లేస్తూ. గుమ్మం దగ్గర ఆగింది. "ఇల్లు నచ్చిందండీ. నిజంగా నచ్చింది. కానీ మనిషినే లేదన్నవాళ్ళు రేపు చెమ్మ లేదంటే, లీకు లేదంటే నేనెలా నమ్మను?"

కోడలు తల వంచుకుంది. వాళ్ళు వెళ్ళిపోయారు. గేటు చప్పుడు గుండెలో పడ్డట్టు వినిపించింది.

పొద్దు వాలాక అత్తగారు కళ్ళు విప్పి కోడలి వైపు చూసింది.

"చెడగొట్టావు కదే పిల్లా! కుదిరిపోయేది."

"కుదరకపోతే పోనివ్వండి! ఎందుకెళ్ళారు అత్తయ్యా పైకి?"

"దర్జీ ఈ రోజు కొట్టు తియ్యలేదు మరి. ఎక్కడికి పోను? ఫొటోలో లేని మనిషి ఇంట్లో కనబడితే బాగుండదు కదా."

"మీకు... మీకు తెలుసా?"

"దర్జీ తన ఫోన్లో చూపించింది. కుర్చీ ఉంది, నేను లేను. కానీ మీ మరిది ఒట్టి తొందరమనిషే! నన్ను తుడిచాడు గానీ నేల మీద నా నీడ తుడవడం మర్చిపోయాడు. మనిషి లేకుండా నీడ ఉంటే జనం దడుచుకోరూ? తుడవమని నీకు చెబుదామనుకున్నా. చెబితే నాకు తెలిసినట్టు నీకు తెలిసిపోతుంది, నువ్వు బాధపడతావని ఊరుకున్నా."

ఏడవాలో నవ్వాలో కోడలికి తెలియలేదు. రెండూ కలిసి వచ్చాయి.

"తాళం పడ్డప్పుడు ఒక్క కేక వెయ్యకూడదా? మీరు కేకేస్తే వీధంతా వినబడుతుందే!"

అత్తగారు చాప అంచు వేళ్ళతో నలిపింది.

"వెయ్యబోయానే. నోరు తెరిచాను కూడా. ఈ నోరే కదా నా కొడుక్కి మందులు లేకుండా చేసింది, ఈ ఒక్క పూటైనా మూసుకుందాం అనుకున్నా..."

కోడలు ఆవిడ పాదాల మీద తల పెట్టేసింది. కాలి పొక్కులెక్కిన పాదాలు. "నన్ను కొట్టండి అత్తయ్యా! తిట్టండి! ఇలా మాత్రం మాట్లాడకండి!"

"లే, లే. తిట్టడానికి ఓపిక లేదు. రేపు తిడతా."

గుమ్మం బయట మరిది నిలబడి ఉన్నాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. తల్లే పిలిచింది.

"ఒరేయ్ పక్కింటబ్బాయీ! లోపలికి రా!"

అతను వచ్చి తల్లి పక్కన కూలబడి, చిన్నప్పట్లా ఆవిడ కొంగులో మొహం దాచుకున్నాడు. ఆవిడ వీపు నిమురుతూ, "నీ ఉద్యోగం అలాంటిది లేరా. లేనిది ఉందనాలి, ఉన్నది లేదనాలి. ఇంట్లో మాత్రం ఆ పని చెయ్యకు," అంది.

మర్నాడు కోడలు ప్రకటన మార్చింది. ఆ టిక్కు తీసేసింది. అత్తగారు చెబుతుంటే అక్షరం పొల్లుపోకుండా రాసింది. "ఇంటావిడ కింది వాటాలోనే ఉంటుంది. నోరు పెద్దది. నీళ్ళు పారబోస్తే ఊరుకోదు. అద్దెకున్నవాళ్ళకి ఒంట్లో బాగాలేకపోతే మాత్రం ముందు లేచేది ఆవిడే." చివరి ముక్క అత్తగారు చెప్పలేదు. కోడలే కలిపింది. అది నిజం కనుక.

"ఇల్లు అడుక్కి పోయింది వదినా," అన్నాడు మరిది ఫోన్ చూసి. "చాలా కిందకి పోయింది." ఆ టిక్కు మళ్ళీ పెట్టమని మాత్రం అనలేదు.

రోజులు గడిచాయి. ఒక్క ఫోనూ లేదు. పని చేసుకుంటూ, భర్తని పక్కకి తిప్పుతూ కోడలు ఫోన్ వంకే చూసేది. ఛార్జింగ్ ఉందో లేదో అని చూసేది. సిగ్నల్ లేదేమో అని వసారాలోకి తీసుకెళ్ళేది. తప్పు చేశానా? నిజం చెప్పి ఇంటిల్లిపాదినీ ముంచానా? అని లోపల ఒకటే గుబులు. అత్తగారితో పైకి మాత్రం అనేది కాదు.

ఒక సాయంత్రం కోడలు భర్తకి వీపు తుడుస్తుంటే ఫోన్ మోగింది. తడి చేతులతో ఆమె లేచేలోపే అత్తగారు తీసేసింది. అయిపోయింది, వచ్చిన ఒక్క ఫోనూ పోయింది అనుకుంది కోడలు.

"ఆఁ, నేనే ఇంటావిడ్ని... ఉంటానమ్మా, ఎందుకుండను? ఎక్కడికి పోతాను?... నిజమే, కేకలేస్తాను... నీకు చంటిపిల్ల ఉందా? పిల్ల నిద్రపోయే టైము చెప్పు, అప్పుడు వెయ్యను."

అవతల ఏదో చాలాసేపు మాట్లాడారు. అత్తగారు వింటూ "ఊఁ... ఊఁ..." అంటోంది. మొహంలో ఏమీ తెలియడం లేదు. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మంచం మీద భర్త ఊపిరి బిగబట్టాడు.

ఆవిడ ఫోన్ పెట్టేసి కోడలి వైపు తిరిగింది.

"రేపొస్తారట."

"ఇల్లు చూడ్డానికా అత్తయ్యా?"

"ఇల్లు తర్వాతట. ముందు నన్ను చూస్తారట," అంది ఆవిడ. తల మీది కొంగు సవరించుకుంది. "నచ్చుతానంటావా?..."