మూడో అంకం ముగిసేలోపు

ఎనిమిదింటికి తెర లేవాలి. ఆరున్నరకి చూస్తే కథానాయకుడు లేడు.

ఏడుంపావుకి దొరికాడు. థియేటర్ కింది అంతస్తులో, దుస్తుల గదిలో, పాత మఖమల్ కోట్ల మధ్య మోకాళ్లు కౌగిలించుకుని కూర్చున్నాడు. తలుపుకి తాళం పడి ఉంది. తెరిచింది ఇల్దే. ఇరవై రెండేళ్లుగా ఆయనకి వేషం తొడిగే మనిషి.

దొరికినాయన రుజ్జేరో తవాంతి. ఆపెరాలో పైస్థాయి పలికే మగ గొంతుని టెనర్ అంటారు. పార్మా ఊళ్లో ఆ మాట వింటే ఎవరికైనా ముందు గుర్తొచ్చే పేరు ఆయనదే.

ఏడున్నరకి ఇన్‌స్పెక్టర్ ఓర్నెల్లా గందోల్ఫి తవాంతి గదికి వచ్చింది.

"ఏం జరిగింది మాస్ట్రో?"

తవాంతి మెడకి రెండు మఫ్లర్లు చుట్టుకున్నాడు. గొంతు గుసగుసలాడుతోంది.

"అయిదింటికి కోటు చూసుకుందామని కిందికి దిగాను. వెనకనించి ఎవడో తోశాడు. తలుపు పడింది. ఆ చలికీ దుమ్ముకీ గొంతు పట్టేసింది."

"మొహం చూశారా?"

"లేదు. కానీ..."

ఆయన చూపు బల్ల మీదికి వెళ్లింది. అక్కడొక నీలం మఫ్లర్ ఉంది. దుస్తుల గది నేలమీద దొరికింది. ఇవో సర్తోరిది.

పెద్దాయనకి ఏమన్నా అయితే ఆ వేషంలోకి దిగడానికి థియేటర్ వాళ్లు పెట్టుకున్న బదులు టెనర్ ఈ ఇవో. మూడేళ్లుగా దిగింది లేదు, కూర్చునే ఉన్నాడు.

"రెండు గంటలు లోపలున్నారు. అరవలేదా?"

అందరూ ఆమె వైపు వింతగా చూశారు. థియేటర్ డైరెక్టర్ మాన్‌లియో నొసలు కొట్టుకున్నాడు.

"అరవడమా! గొంతు అరిగిపోతుందని ఆట రోజు టెనర్ పెళ్లాంతో కూడా మాట్లాడడమ్మాయ్. మీ నాన్న కోరస్‌లో పాడేవాడుగా, చెప్పలేదూ?"

చెప్పాడు. ఆట ఉన్న రోజు వాళ్లింట్లో కూడా తెల్లారిన దగ్గర్నించీ మూగనోమే.

మోటివ్ కుదిరింది. సాక్ష్యం కుదిరింది. అరవకపోవడం కూడా కుదిరింది. ఇంత చక్కగా కుదిరిపోయే కేసులంటే ఓర్నెల్లాకి ఒళ్లుమంట.

ఇవోని పిలిపించింది.

"అయిదింటికి ఎక్కడున్నావ్?"

"నా గదిలో. ఒక్కణ్ణే."

"సాక్షులు?"

"ఒక్కణ్ణే ఉంటే సాక్షులెక్కణ్ణించి వస్తారు మేడమ్? మఫ్లర్ మధ్యాహ్నమే పోయింది. ఎవరు తీశారో తెలీదు."

మాన్‌లియో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నీకు పుణ్యముంటుంది, వీణ్ణి ఇప్పుడే తీసుకుపోకు. పైన గ్యాలరీ కిక్కిరిసిపోయింది. పాడేవాడు లేడంటే కుర్చీలు పీకేస్తారు."

ఓర్నెల్లా ఆలోచించింది.

"సరే. మూడో అంకం ముగిసేదాకా ఆగుతాను. ఆ తర్వాత స్టేషన్‌కి."

ఇవో మొహంలో నెత్తురుచుక్క లేదు. "పాడాక అరెస్టా?"

"పాడనంటే ఇప్పుడే."

స్టేజీకి ఇటొక పోలీసు, అటొక పోలీసు నిలబడ్డారు. ముందు పార్మా గ్యాలరీ. స్వరం తప్పితే ఈలలు వేసి తరిమేసే జనం. పక్కన బేడీలు. మూడేళ్లు ఎదురుచూసిన రోజు ఆ కుర్రాడికి అలా వచ్చింది.

తెర లేచింది.

ఓర్నెల్లా దుస్తుల గదికి దిగింది. లాగితే దానంతటదే పడే తాళం. లోపలివైపు దాన్ని తీసే మీట లేదు. బయట నుంచి తాళంచెవితోనే తెరవాలి. ఒకసారి పడిందంటే లోపలి మనిషి బోనులో ఎలకే.

తిరిగి తవాంతి గదికి వచ్చింది. ఫిర్యాదు మీద సంతకం కోసం ఆయన్ని అక్కడే ఉండమన్నారు. గోడమీది స్పీకర్లోంచి స్టేజీ పాట వస్తోంది. ఇవో ఒక్కో వరస అందుకుంటుంటే తవాంతి పెదవులు కూడా కదులుతున్నాయి.

బల్లమీద ఫ్లాస్కు, వెన్న లేని అన్నం మిగిలిన గిన్నె ఉన్నాయి. వాటి పక్కన మొదటి ఆట రోజున థియేటర్ వాళ్లిచ్చే కానుక బుట్ట. అందులో వైను, హ్యామ్, చీజ్. చీజ్‌లో ఒక పెద్ద ముక్క కోసేసి ఉంది. పళ్లెంలో చాకు, గట్టి అంచు పెచ్చు.

చీజ్‌కి పేరుపడ్డ పార్మాలో బల్లమీద అది ఉంటే ఎవరు పట్టించుకుంటారు? ఫొటోలు తీసిన పోలీసు దాన్ని అడ్డమని పక్కకి జరిపాడు కూడా.

రెండో విరామంలో, నాన్న రోజులనించీ తెలిసిన ఇల్దేని వరండాలోకి పిలిచింది.

"బుట్ట ఎవరు విప్పారు అత్తా?"

"మధ్యాహ్నం అన్నం పెట్టినప్పుడు కట్టినట్టే ఉంది. ఏటా నాకే ఇచ్చేస్తాడు. మా ఇంటిల్లిపాదీ నెల్లాళ్లు తింటాం."

"దొరికాక ఆయన ఏమన్నా తిన్నాడా?"

"గోరువెచ్చని నీళ్లు తాగాడంతే. నేను పక్కనించి కదల్లేదుగా."

అంతలోనే ఇల్దే మొహం మారిపోయింది. ఓర్నెల్లా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అడక్కే పిల్లా. ఆయన్ని అడక్కు."

"అడక్కపోతే ఆ కుర్రాడు జైలుకి పోతాడు అత్తా."

మూడో అంకం మొదలైంది. గదిలో తవాంతి, ఇల్దే, మాన్‌లియో ఉన్నారు. ఓర్నెల్లా తలుపు మూసింది.

"చీజ్ ఎలా ఉంది మాస్ట్రో?"

"బ్రహ్మాండం. బాగా ముదిరిన చీజ్. పంటికింద ఉప్పుపలుకుల్లా తగులుతోంది."

"ఎప్పుడు తిన్నారు?"

"నాలుగింటి..."

ఆగిపోయాడు. చాకు ఉన్న పళ్లెం పక్కకి నెట్టాడు.

"పాల వస్తువేది తిన్నా గొంతులో కఫం కడుతుందని మీ పాటగాళ్ల భయం. కోరస్‌లో చివరి వరసలో నిలబడే మా నాన్న కూడా ఆట రోజు వెన్న ముట్టేవాడు కాదు. మీరు నాలుగింటికి చీజ్ తిన్నారు. అంటే ఇవాళ పాడబోవడం లేదని అప్పటికే మీకు తెలుసు. మిమ్మల్నెవరో తోసింది అయిదింటికి కదా?"

"ఒక్క ముక్కకే ఇంత..." అన్నాడు మాన్‌లియో.

"ఆట రోజు ఈయన చీజ్ తినగా ఎప్పుడన్నా చూశారా?"

మాన్‌లియో తల అడ్డంగా ఊపాడు.

"ఇవో మఫ్లర్ మధ్యాహ్నమే తీశారు. తలుపు మీరే లాక్కున్నారు. అరవకపోయినా ఎవరూ అనుమానించరని మీకు తెలుసు."

తవాంతి మఫ్లర్లు విప్పేశాడు. గుసగుస పోయింది. నిండు గొంతు వచ్చింది.

"పైస్థాయి పోయిందమ్మా. ఆ స్వరం దగ్గరికెళ్తే గొంతు గోడకి కొట్టుకుంటోంది. మిలాన్‌లో జ్వరమన్నాను. జెనోవాలో జలుబన్నాను. మూడోసారి మానేస్తే అందరికీ తెలిసిపోతుంది. పాడితే మా ఊరి గ్యాలరీ ఈలలు వేస్తుంది. వాళ్ల నాన్నలకి పాడినవాణ్ణి నేను! పాడలేను, మానలేను. ఎటు తిరిగినా మూసిన తలుపే. ఎవరో బంధించారంటే కనీసం జాలిపడతారనుకున్నా."

"మరి ఆ కుర్రాడి సంగతి?"

"రేపు ఫిర్యాదు వెనక్కి తీసుకుందామని..."

"రేపటికి పేపర్లో వాడి ఫొటో వచ్చేసేది. ఆ తర్వాత ఏ థియేటర్ గుమ్మం ఎక్కనిస్తారు వాణ్ణి?"

ఆయన తలొంచుకున్నాడు. ఓర్నెల్లాకి కోపం వచ్చింది. జాలీ వేసింది. రెండూ ఒకేసారి రావడం ఆమెకి నచ్చలేదు.

"ఆ స్పీకర్ కట్టెయ్యండి," అన్నాడు తవాంతి.

"దానికి బటన్ లేదు మాస్ట్రో."

అందరూ ఎదురుచూసే ఆ పైస్థాయి స్వరం దగ్గర పడుతోంది. తవాంతి లేచి నిలబడ్డాడు. స్టేజీ మీద ఇవో ఊపిరి తీసుకున్నప్పుడే ఇక్కడ ఈయనా తీసుకున్నాడు. ఛాతీ నిండింది. నోరు తెరుచుకుంది. శబ్దం మాత్రం గోడమీంచి వచ్చింది.

ఆ స్వరం వణక్కుండా నిలిచింది. తర్వాత గ్యాలరీ హోరెత్తిపోయింది.

తెర పడేసరికి ఓర్నెల్లా స్టేజీ పక్కకి చేరింది. ఇవో చెమటతో తడిసి బయటికి వచ్చాడు. కళ్లు మూసుకుని రెండు చేతులూ పోలీసు ముందుకి చాపాడు.

"చేతులు దించు," అంది ఓర్నెల్లా. "నీమీద కేసు లేదు. జనం పిలుస్తున్నారు, వెళ్లు."

కుర్రాడు నమ్మలేదు. ఆమె భుజం పట్టి వెనక్కి తిప్పి వెలుతురులోకి తోసింది.

తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు పెట్టే కేసు కాగితాలు తీసుకుని తవాంతి గదికి వెళ్లింది. ఆయన బుట్ట ముందేసుకుని కూర్చున్నాడు. స్పీకర్లో చప్పట్లు ఆగడం లేదు. చీజ్ రెండు ముక్కలు కోసి, ఒకటి ఇల్దే చేతిలో పెట్టాడు.

"ఈసారి నీకు మొత్తం ఇవ్వలేనే. ఇక నేనూ రోజూ తినొచ్చుగా!"

రెండోది నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు మింగలేకపోయాడు.