చెలమకు నలభై అడుగులు

ఉదయం తొమ్మిదింటికి సాక్ష్యగ్రాహి పడవ దిగింది. దాని వెనుక ఉపాధికారి అన్వేష్ దిగాడు. ఇసుకలంక రేవులో ఖాళీ బిందెలతో నిలబడిన ఆడవాళ్లు యంత్రానికి దారి ఇచ్చారు గాని, మనిషికి ఇవ్వలేదు.

ఆ కాలంలో తీరమంతటా పాత చమురు బావులను, గ్యాసు బావులను శిలాబీజంతో మూసేవారు. నిద్రాణమైన సూక్ష్మజీవులను రొయ్యపొట్టు పొడితోనూ యూరియాతోనూ కలిపి బావిలో పోస్తే, తొమ్మిది రోజుల్లో లోపలి ఇసుక రాయిగా మారుతుంది. వెనుకటి సిమెంటు పనితో పోలిస్తే ఖర్చు ఇరవయ్యో వంతు. రిగ్గు అక్కర్లేదు, పొగ లేదు. ఆ రాయికి గాటు పడితే బీజం మేలుకుని తానే పూడ్చుకుంటుంది. ఈ చివరి గుణానికి బహుమతులు వచ్చాయి.

చిక్కు ఒక్కటే. తొంభై ఏళ్ల కిందట తవ్వినవారు ఎక్కడెక్కడ తవ్వారో చెప్పే కాగితాలు మిగల్చలేదు. అందుకని ఊళ్లలో ముసలివాళ్లను అడిగి తెలుసుకోవడానికి సాక్ష్యగ్రాహిని తయారుచేశారు. అది ప్రశ్న వేస్తుంది, జవాబు వింటుంది, వేలిముద్ర తీసుకుంటుంది. నెల తిరక్కుండా శిలాబీజం పడవ వస్తుంది.

ఇసుకలంకకు వచ్చింది. ఊరి మంచినీళ్ల బోరు రాయైపోయింది.

"మీరిచ్చిన సాక్ష్యం వినిపించమంటారా?" అన్నాడు అన్వేష్.

"వినిపించండి బాబూ. నా గొంతు నాకు తెలీదా?" అంది ఓలేటి మరిడమ్మ. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు.

యంత్రం వినిపించింది. "మీ ఊళ్లో మృతబావి, అనగా చచ్చిన బోరు, ఉన్నదా?" వెంటనే మరిడమ్మ గొంతు: "ఎందుకు లేదండీ, మా వీధి బోరే. ఏటేటా సచ్చిపోద్ది."

అక్కడ ఆగింది.

"ఆపేశారేంటండీ? వానలు పడగానే మళ్లీ బతుకుద్దన్నాను గందా!"

ఆ తీరంలో ఉప్పునీటి మీద చప్పనీరు పల్చటి పొరగా నిలుస్తుంది. వైశాఖానికి బోరు ఉప్పెక్కితే చచ్చిందంటారు, తొలకరికి తీపెక్కితే బతికిందంటారు. లంకలో పసిపిల్లలకు కూడా తెలిసిన మాట అది.

అన్వేష్ చేతిలోని తెరపలకలో రికార్డు చూశాడు. "అన్నారమ్మా, ఆ వాక్యం కూడా ఉంది. కాని బావి బతకడమనే మాటకు మా దగ్గర నిర్వచనం లేదు. అందువల్ల యంత్రం దాన్ని అప్రస్తుతమని తీసేసింది."

"అప్రస్తుతవంటే?"

"పనికిరానిదని."

"అయితే మీ అమ్మగారికి జ్వరమొచ్చి తగ్గిందనుకోండి," అంది పక్కనున్న సంగాని వీరవేణి, "తగ్గిందన్న మాట పనికిరాదని పాడె కట్టేస్తారా, ఆయ్?"

ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వులో సరదా లేదు.

"పగలగొట్టించండి బాబూ," అంది మరిడమ్మ.

"పగిలినా మళ్లీ అతుక్కుంటుంది."

"పక్కన ఇంకోటి దింపండి."

"బోరు చుట్టూ వంద అడుగుల మేర ఇసుకంతా రాయే. అది దాటి బోరు దింపితే మీకు ఉప్పునీరే కదా."

ఇప్పుడు ఊరికి మిగిలినది బడి వెనుక చెలమ ఒక్కటే. చేత్తో ఇసుక తోడితే ఊరే నీరు, రోజుకు అరవై బిందెలు. గడపలు ఎనభై.

"మీ ఫిర్యాదు పైకి పంపుతాను," అన్నాడు అన్వేష్. "నేను వచ్చిన పని వేరే ఉంది. ఈ లంకలో అసలైన గ్యాసు బావి ఒకటి కారుతోంది. ఆకాశం నుంచి కొలిచారు గాని చోటు తేలలేదు. ఎక్కడుందో చెబితే మూసేస్తాం. పిల్లలున్న ఊరు, ప్రమాదం."



ఎక్కడుందో మరిడమ్మకు తెలుసు. ఆమె తండ్రి ఆ రిగ్గు దగ్గర కాపలా ఉన్నాడు. రిగ్గు వెళ్లిపోయాక మిగిలిన గట్టి కాంక్రీటు గచ్చు మీదే ఊరివాళ్లు బడి కట్టుకున్నారు. గాలాడని పొద్దుల్లో పిల్లలు తలనొప్పి అంటారు. బడి వంట పొయ్యిని ఎప్పుడో బయటికి మార్చారు. ఈ సంగతి రేవులో నిలబడిన ప్రతి ఆడదానికీ తెలుసు. గచ్చు నుంచి చెలమకు నలభై అడుగులని కూడా తెలుసు. రాయి వంద అడుగులు పాకుతుందని ఇప్పుడే విన్నారు.

"మామ్మగారూ, మీకు తెలిసే ఉండాలి," అన్నాడు అన్వేష్.

వీరవేణి చంకలో బిందెను సర్దుకుని, మరిడమ్మను చూసి తల అడ్డంగా ఒక్కసారి ఊపింది.

"లేదండి," అంది మరిడమ్మ. "ఇక్కడ అలాంటిదేమీ లేదండి."

వేలిముద్ర వేసింది. ప్రశ్న అర్థంకాని సాక్షి కోసం ఆ యంత్రంలో పన్నెండు ఏర్పాట్లున్నాయి. తనను పూర్తిగా అర్థం చేసుకున్న సాక్షి కోసం ఒక్కటీ లేదు.

పడవ కనుమరుగయ్యాక మరిడమ్మ నేరుగా బడికి వెళ్లి, మునిమనవరాలు దీవెన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. "ఏమైందండీ మామ్మగారూ?" అని కొత్త టీచరు అడిగితే, "ఇంట్లో పనుందమ్మా," అంది. మర్నాడు వీరవేణి పిల్లలు రాలేదు. వారం తిరిగేసరికి లంక పిల్లలెవరూ బడికి రాలేదు.

రొయ్యల చెరువుల పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు, పదకొండుమంది. వాళ్లకెవరూ చెప్పలేదు. చెబితే వాళ్లు అధికారికి చెప్పేస్తారు.

వాళ్ల తల్లులు కూడా పొద్దున్నే చెలమ దగ్గర వరుసలో నిలబడేవారు. మరిడమ్మ వాళ్లను తనకంటే ముందు తోడుకోనిచ్చి, తలెత్తకుండా పక్కకు జరిగేది.