రెండు వైపులా నిండుగా ఒకటి

"మేడమ్, మా హైదరాబాద్‌ని పాకిస్తాన్‌కి ఇచ్చేసిన్రా?"

ఉద్యోగంలో చేరిన వారానికి పక్క సీటు నుంచి సెలీనాకు అందిన తొలి పలకరింపు ఇది.

మాదాపూర్‌లో వాళ్ల ఆఫీసు చేసే పని ఒక్కటే. వెనకబడిన దేశాల నుంచి ఏటా ఎన్ని వైద్య పరిశోధన పత్రాలు వస్తున్నాయో లెక్కగట్టడం. పత్రం మీద డాక్టర్ల అడ్రస్ చూసి ఏ దేశం ఖాతాలో వేయాలో తేల్చడం సెలీనా వంతు. సరిచూడడం ఆ పక్క సీటు జోయెల్ వంతు.

"అడ్రస్‌లో దేశం పేరు లేదండి. సింధులోనూ ఒక హైదరాబాద్ ఉంది," అంది సెలీనా.

"ఉండనీ. కింద కోఠి అని ఉన్నది చూడున్రి. కోఠి గూడ సింధుల ఉందా?"

సెలీనా చూసింది. ఉంది. కోఠి అనే ఉంది.

"ఈడ మీరు మాది, మేము మాది అని కొట్లాడుకుంటుంటే, మీరు సల్లగ మూడోవానికి ఇచ్చిన్రు!"

అతనిది మెదక్. ఆమెది తెనాలి. అది రెండువేల పదమూడు ఆగస్టు. రాష్ట్రాన్ని విడదీస్తామన్న మాట కొత్తగా వచ్చింది. కాంటీన్‌లో టీ కూడా రెండు ప్రాంతాలుగా కూర్చుని తాగుతున్నారు. వాన మాత్రం ఎవరి పక్షమో తేల్చుకోలేక వచ్చి పోతోంది.

రెండో గొడవ అసలు గొడవ. ఆఫ్రికాలోని మలావీ దేశపు డాక్టరు ఒకాయన, లండన్ వాళ్లతో కలిసి రాసిన పత్రం వచ్చింది. పన్నెండు మంది పేర్లలో ఆయనది చివరిది.

"మలావీకి పన్నెండో వంతు," అంది సెలీనా.

"ఏంది? రోగులు ఆళ్లోళ్లు, దవాఖాన ఆళ్లది, నెత్తురు ఆళ్లది. ఇచ్చేది పన్నెండో వంతా? నిండుగ ఒకటి ఎయ్యి."

"లండన్‌కీ ఒకటి, మలావీకీ ఒకటి వేస్తే ఒక్క పత్రం రెండైపోతుందండి. మొత్తం తప్పుతుంది."

"తప్పనీ. మనిషి తప్పిపోకుంటే సాలు."

'మేడమ్' పోయి 'ఎయ్యి' ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు. టీ మాత్రం ఒకే టేబుల్ మీద తాగసాగారు.

ఇంతలో తెనాలి నుంచి ఫోను. తండ్రి సామ్యేలు గారు లెక్కల మాస్టారు. 'గొడవలు ముదురుతున్నాయి, చెన్నై బ్రాంచికి మార్పించుకో. ఆదివారం మీ అమ్మా నేనూ రైల్లో వస్తున్నాం,' అన్నారు.

మణికొండలో తన హాస్టల్ దాకా వానలో ఒకే గొడుగు కింద నడుస్తూ ఆ మాట చెప్పింది సెలీనా.

"వెళ్లిపోనా?"

జోయెల్ గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చాడు. "ఉండుమంటే, 'అనెటందుకు నువ్వెవరు' అంటవు."

"అని చూడచ్చుగా."

"ఉండు. నా కోసం ఉండు."

"ఈ ముక్క మా నాన్నగారితో చెప్పండి," అంది సెలీనా. గొడుగు మొత్తం తన వైపే ఉందని, అతని భుజం నానిపోతోందని అప్పుడు చూసింది.

ఆదివారం చర్చి నుంచి ఇస్త్రీ చొక్కాతో నేరుగా వచ్చాడు జోయెల్. హాస్టల్ ముందుగదిలో సామ్యేలు గారి ఎదురుగా, కుర్చీ అంచున కూర్చున్నాడు. సెలీనా తల్లి మార్తమ్మ గారు టీ పోస్తున్నారు.

"సార్, సెలీనాను నేను పెండ్లి చేసుకుందామనుకుంటున్న," అన్నాడు. ఇంటి నుంచి నేర్చుకొచ్చిన మిగతా మాటలన్నీ దారిలోనే పోయాయి.

సామ్యేలు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "రేపు రెండు రాష్ట్రాలైతే మా పిల్ల ఎవరి లెక్కలోకి వస్తుందయ్యా? మీకు కూడిక, మాకు తీసివేతేనా?"

ఆఫీసులో అంత నోరున్న జోయెల్ టీ కప్పులో చెంచా తిప్పుతున్నాడు.

"కలిసి రాసినదాన్ని ముక్కలు కోయకూడదు నాన్నా," అంది సెలీనా. "రెండు వైపులా నిండుగా ఒకటి వేయాలి."

జోయెల్ తలెత్తి చూశాడు.

"అలా వేస్తే మొత్తం ఎక్కువొస్తుందే!" అన్నారు మాస్టారు.

"పెళ్లయ్యాక ఎక్కువ రాక తక్కువొస్తుందేంటండీ?" అన్నారు మార్తమ్మ గారు. "టీ చల్లారిపోతోంది, తాగండి."

మాస్టారు టీ మొత్తం తాగారు. కప్పు కింద పెట్టి, జోయెల్ కేసి చూశారు.

"మా వైపు బస్సులన్నీ సమ్మెలో ఉన్నాయి. మీవాళ్లతో మాట్లాడాలి, మెదక్‌కి నడుస్తున్నాయా?"