మౌత్ డబ్బాలో ఉంది

"పోశన్నను చంపింది వాళ్ళు కాదు సార్. మీరు."

గల్ఫ్ నగరంలో, అల్ హిలాల్ పేట ఫోన్ బూత్‌లో ఏజెంట్ మస్తాన్ గొంతు పెంచలేదు. అవతల ఢిల్లీలో చీఫ్ ముజఫ్ఫర్ అలీ.

"మాటలు జాగ్రత్త."

"‘మౌత్ డబ్బాలో ఉంది’ అని పోశన్న కబురు పంపినాడు. డబ్బాలుండేది ఇండస్ట్రియల్ ఏరియా గోదాములో. మీరేమో హోటల్ చుట్టూ మనుషుల్ని పెట్టినారు."

"ఉర్దూలో మౌత్ అంటే చావు. వెస్ట్ బే హోటల్లో మన మంత్రి దిగాడు. ఇంకేం అనుకోమంటావ్?"

మస్తాన్ ఫోన్ పెట్టేశాడు. గోదాం కూలీ పోశన్న అతనికి కళ్ళూ చెవులూ. నిన్న డబ్బాల మధ్య శవమై దొరికాడు. ఎండదెబ్బ అని కంపెనీ తేల్చేసింది. మెడ మీద సూది గుర్తు మస్తాన్ చూశాడు. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. డ్యూటీ టైమైందని కారెక్కాడు.

లోకానికి అతను ఆ గోదాం యజమాని, పురుగులు సేకరించే గారిక్ దొరకు హౌస్ డ్రైవర్. వెనక సీట్లో గారిక్ సెక్రటరీ రమీజా. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన అత్తరు, రెండు జీతాలు: ఒకటి గారిక్‌ది, ఒకటి ఢిల్లీది.

"మెల్లగా పోనీ. పెట్టెలో మాత్ ఉంది, రెక్కలు రాలతాయి."

మస్తాన్ బ్రేక్ తొక్కాడు. "ఏముందీ?"

"మాత్. దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు. ఇది అమెరికా గడ్డి మైదానాలది. పట్టించుకుని చదివినవాడు లేడు, మందు కనిపెట్టినవాడూ లేడు. గారిక్ దీనికి పత్తి తినడం మప్పాడు. దీని గుడ్లు మన చేలల్లో పడితే ఆకు మిగలదు."

మాత్. గోదాములో దొరలన్న మాట పోశన్న చెవిలో మౌత్ అయింది.

"గుడ్లు యాడున్నాయి?"

"క్యాంపులో పోశన్న పక్క మంచం తిరుమల్ లేడూ? ఇవాళ ఊరికి పోతున్నాడు. గారిక్ అతనికి దుప్పటి గిఫ్ట్ ఇచ్చాడు."

"నువ్వెవరి పక్క రమీజా?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. "ఈ పూటకు పోశన్న పక్క."

ఎయిర్‌పోర్టులో దుప్పటి మూట బెల్టు మీద కదిలింది. మస్తాన్ దూకి లాగేశాడు.

"ఓ డ్రైవరన్నా! గా దుప్పటి నా పెండ్లాం కోసం!" తిరుమల్ గోల పెట్టాడు.

"ఇంకోటి కొనిస్తా తమ్ముడూ. నువ్వు యల్లా, నడువ్!"

అంచు విప్పితే కుట్టులో గసగసాల్లా గుడ్లు. పార్కింగ్ వెనక ఇసుకలో పడేసి లైటర్ తీశాడు. ఢిల్లీవాళ్ళ లైటర్. కెమెరా ఉంది, మంట లేదు. సెక్యూరిటీవాణ్ణి అగ్గిపెట్టె అడుక్కుని కాల్చాడు.

"శభాష్! నీ కబురుతో గారిక్ ముఠా దొరికింది. నీకు మెడల్," అన్నాడు ఫోన్లో చీఫ్.

"పోశన్న ఇంకా మార్చురీలోనే ఉన్నాడు సార్."

"అధికారికంగా అతను మనవాడు కాదు కదా..."

"మెడల్ మీరే పెట్టుకోండి. అతని పెండ్లాం గౌరవ్వ, మొగుడు గల్ఫ్‌లో డ్యూటీ చేస్తున్నాడనుకుంటోంది. రేపటి ఫ్లైట్లో అతన్ని ఊరికి పంపండి. మీ మనిషి ఒకడు వెంట పోవాల. శవం పెట్టె మీద మౌత్ అని రాయండి. ఈసారి మీరు అనుకున్న అర్థమే."