మూసిన ఇంట్లో ఊపిరి

మలుపు దగ్గర, టైలరింగ్ షాపు దాటగానే, తాళం వేసిన ఆ చిన్న ఇల్లుందే... చీకటి పడితే దాని ముందునుంచి ఎవరూ నడవరు. అవతలి వైపుకి మారిపోతారు. లోపల ఎవరో ఊపిరి తీస్తుంటారట. మామూలు ఊపిరి కాదు. బుస్స్... టక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ బుస్స్... టక్.

ఇది ఆ షాపు టైలరమ్మ నాకు స్వయంగా చెప్పిన సంగతి. ఇల్లు వాళ్లమ్మదే. చెబుతున్నంతసేపూ కుట్టు ఆపలేదు గాని, కుట్టు మాత్రం వంకరగా పోయింది. నేను చూశాను.

ముందు వెనకటి కథ చెప్పాలి, లేకపోతే తర్వాతది బోధపడదు.

వాళ్లమ్మ నర్సు. నోట్లో ఊపిరి గొట్టం వేసిన మనుషుల్ని ఉద్యోగమంతా చూసింది. గొట్టం పీకేసుకోకుండా వాళ్ల చేతులు మంచానికి కట్టింది కూడా తనే. అందుకే ఒంట్లో బాగున్నప్పుడే, సాక్షుల ముందు ఒక కాగితం రాసి సంతకం పెట్టింది. ఇక కోలుకోనని డాక్టర్లు తేల్చేశాక నన్ను మిషన్ మీద ఉంచొద్దు, నొప్పి తెలియకుండా చూసి పోనివ్వండి అని. చంపమని అడగడం కాదిది, జాగ్రత్తగా వినండి. నా ఒంటికి ఈ వైద్యం ఇక వద్దని చెప్పడం. కొడుక్కీ కూతురికీ చదివి వినిపించింది. ఇద్దరూ తలూపారు.

ఆ రోజు రానే వచ్చింది. ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయి. మత్తులో ఉంచి మిషన్ పెట్టారు. మత్తు తగ్గినప్పుడల్లా ఆవిడ చెయ్యి గొట్టం మీదికి పోయేది. కొడుకు సరేనంటే చేతులు కట్టేశారు.

ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పాక కూతురు కాగితం తీసింది. అన్నయ్య దానివైపు చూడనైనా లేదు.

"అప్పుడు బాగుంది కాబట్టి రాసింది. ఇప్పుడు అడుగు... ఏమంటుందో."

నోట్లో గొట్టం ఉన్న మనిషిని ఏమని అడుగుతుంది?

పిల్లలే కొట్టుకుంటుంటే మనకెందుకని ఆసుపత్రివాళ్లు కాగితాన్ని ఫైల్లో పెట్టి ఊరుకున్నారు. వానలు మొదలైనప్పుడు పెట్టిన మిషన్ వానలు వెళ్లేదాకా నడిచింది. అప్పుడు కూడా దాన్ని ఎవరూ ఆపలేదు — అమ్మే ఆగిపోయింది.

పాడె దగ్గరే అన్నాచెల్లెళ్లకి మాటలు తెగిపోయాయి. అమ్మని చంపాలని చూశావని అతను, చావనివ్వకుండా చంపావని ఈవిడ.

తర్వాత కొన్నాళ్లకే... ఇంట్లో ఊపిరి మొదలైంది.

ఒక రాత్రి టైలరమ్మ షాపు మూసి వస్తోంది. బుస్స్... టక్. కాళ్లు ఆగిపోయాయి. ఆసుపత్రిలో అమ్మ పక్కన కూర్చుని విన్న చప్పుడే అది. భయం కంటే కోపం ఎక్కువైందట. పోయాక కూడా వదల్లేదా మా అమ్మని? ఈసారి ఎవర్నీ అడగను, నేనే తీసేస్తాను — అనుకుంది. సంచిలో తాళం చెవి ఉంది. తలుపు తీసింది.

హాలంతా చీకటి. అమ్మ గది తలుపు ఓరగా ఉంది. మంచం మీద ఎవరో... వెల్లకిలా. ముఖానికి మాస్కు, మాస్కుకి గొట్టం.

గొట్టం పట్టుకుని లాగేసింది.

ఆ మనిషి లేచి కూర్చున్నాడు. దగ్గాడు.

అన్నయ్య.

చిన్నప్పటినుంచీ అతని గురకకి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. ఇప్పుడు ఆ గురకలోనే ఊపిరి ఆగిపోతోందని డాక్టరు ఒక చిన్న మిషన్ ఇచ్చాడట. దానిది సన్నగా ఒకటే హోరు. అదీ భరించలేనని వదిన తరిమేసింది. వెనక తలుపున వచ్చి అమ్మ మంచం మీద పడుకుంటున్నాడు. ఇదా వీధంతా వణికిన దెయ్యం!

"గొట్టాలు పీకడం నీకు సరదాగా ఉన్నట్టుంది," అన్నాడతను.

"నీది నువ్వే కట్టుకున్నావు. వద్దనుకుంటే నువ్వే తీసుకుంటావు. అమ్మకి చేతులు కట్టించావు."

అతను ఈ ఇల్లు నువ్వే ఉంచుకో అని గొణిగి, మిషన్ చంకలో పెట్టుకుని ఆవిడ వెనకే వాకిట్లోకి వచ్చాడు. వైరు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. గేటు దగ్గర ఆగాడు.

"నేనూ రాశాను... అమ్మ రాసినట్టే. నా తరఫున చెప్పాల్సిన మనిషిగా నీ పేరు పెట్టాను. నా పిల్లలు నాలాంటివాళ్లే, ఆపరు. నువ్వయితే ఆపుతావు."

ఆవిడ ఏదో అనబోయింది. అప్పుడు వినిపించింది... వాళ్లిప్పుడే బయటికొచ్చిన ఆ గదిలోంచి.

బుస్స్... టక్.

ఆవిడ అతని చంకలో మిషన్ వైపు చూసింది. అతనూ చూసుకున్నాడు.

బుస్స్... టక్.

"ఇప్పుడు అడుగన్నయ్యా," అంది మెల్లగా. "ఏమంటుందో."