అందినట్టు జవాబు

"మీ మిషన్‌కు చెవుడా ఏంది?"

రక్షిత అడిగిన మొదటి మాట అదే. ప్రణయ్ ఇంకా గడప అవతలే ఉన్నాడు.

లాల్‌గడి మలక్‌పేట్‌లోని ఆ ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, ఆమె తండ్రి మల్లేశం మంచం పక్కనున్న పిలుపు బటన్, అన్నీ కరెంటు తీగల మీదుగానే సందేశాలు పంపుకుంటాయి. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ రాసింది ప్రణయ్. మేడ్చల్‌లో ఓ చిన్న కంపెనీలో పని.

మల్లేశానికి గొంతు క్యాన్సర్. మాట రాదు. పొద్దున ఊపిరాడక బటన్ నొక్కుతూనే ఉన్నాడు. వంటింట్లో మోగాల్సిన గంట మోగలేదు.

"బోరు మోటారు నడుస్తుండె. నేను పోయి సూసేసరికి బాపు పెదవులు నీలంగైనయి."

ప్రణయ్ లాప్‌టాప్ తెరిచాడు. మోటారు నడిచినప్పుడు అదే తీగల్లో పుట్టే అలజడికి సందేశం చెడిపోతోంది. మళ్లీ పంపబోతే ఫ్యాన్ల సందేశాల వెనక వరసలో నిలబడుతోంది. సాయంత్రం దాకా కూర్చుని మార్చాడు. ఇక గంట సందేశమే అన్నిటికన్నా ముందు పోవాలి. అందినట్టు జవాబు వచ్చేదాకా పోతూనే ఉండాలి.

మోటారు వేసి చూశారు. మల్లేశం నొక్కగానే గంట మోగింది.

ఆ తర్వాత కూడా ప్రణయ్ వస్తూనే ఉన్నాడు.

"మళ్లేంది?"

"అప్‌డేట్ ఉంది."

"పోయినసారి గదే చెప్పినవ్. చాయ్ తాగితెనే ఎక్కుతదా గా అప్‌డేట్?"

అతను నవ్వాడు. ఆమె నవ్వబోయి, లోపల దగ్గు విని పరిగెత్తింది. ఆ ఇంట్లో నవ్వు అంతకు మించి సాగేది కాదు. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేశారు.

ఓ ముసురు మధ్యాహ్నం గంట మోగింది. ఇద్దరూ ఒక్కసారే లేచారు. రక్షిత తండ్రి తలను ఒళ్లోకి తీసుకుంది. ప్రణయ్ ఆయన పాదాలు పట్టుకున్నాడు. మల్లేశం కళ్లు కూతురి మీంచి అతని మీదికి, మళ్లీ కూతురి మీదికి తిరిగాయి. వాన వెలవకముందే ఆయన పోయాడు.

దినం నాడు ప్రణయ్ గాజులరామారంలోని తన ఇంటి నుంచి పొద్దున్నే వచ్చి, వచ్చినవాళ్లకు నీళ్లందిస్తున్నాడు.

"గా పిలగాడెవరే?" అంది మేనత్త సుశీల.

"నేను జేస్కునేటోడు, అత్తమ్మా."

ప్రణయ్ చెయ్యి ఆగిపోయింది. "నాకు చెప్పనే లేదు," అన్నాడు మెల్లగా.

"బాపుకు జెప్పిన. తలూపిండు. నన్ను నువ్వెప్పుడడుగుతవా అని మస్తు సూసిండు." ఆమె అతని చేతిలోని చెంబు తీసుకుని పక్కన పెట్టింది. "ఇప్పుడన్న అడుగు."

అతను అడిగాడు. సుశీల కొంగుతో కళ్లొత్తుకుంటూ పక్కకు జరిగి, రక్షిత పక్కన అతనికి చోటిచ్చింది.